పేర్లు పిలిచే మేడ

పెడన దాటి కాలవ గట్టు మీద కాస్త దూరం పోతే మగ్గాలపాలెం. ఆ ఊరి చివరి వీధిలో ఒక పాత మేడ ఉంది. పగలంతా తాళం. రాత్రయితే… పేర్లు.

అవునండీ, పేర్లే. మగ్గాలన్నీ ఆగి, ఊరు సద్దుమణిగాక, మేడ మీంచి ఓ ముసలి గొంతు పేర్లు పిలుస్తుందట. ఫలానావాడి కొడుకు ఫలానా, వాడి కొడుకు ఫలానా— అన్నీ పోయినవాళ్ళ పేర్లే. సైకిల్ మీద పోతున్న పాలాయన ఒకడు తన తాత పేరు విని, క్యానులు కాలవలో వదిలేసి పరిగెత్తాడట. వారంపాటు జ్వరం. అప్పట్నుంచీ చీకటిపడితే ఆ వీధిలోకి కుక్క కూడా రాదంటారు.

ఆ సంగతేమీ తెలియని రాజేశ్వరి, విజయవాడ భవానీపురంలో తన చీరల ఫాల్స్ కొట్లో కూచుని, సరిగ్గా ఆ మేడకే ప్రయాణం పెట్టుకుంది.

కారణం ఆవిడ కూతురు ఉషశ్రీ. బెంజ్ సర్కిల్లో ఓ ఆడిటర్ ఆఫీసులో పని చేస్తుంది. పక్క సీట్లో ధనుంజయ్. ఇద్దరూ ఇష్టపడ్డారు. ధనుంజయ్ వాళ్ళమ్మ సుబ్బరత్నం పిల్లని చూసిన గంటకే రాజేశ్వరిని "వదినగారూ" అనేసింది. ఇద్దరమ్మలకీ ఎంత కుదిరిందంటే, పిల్లలకంటే వీళ్ళే ఎక్కువ ఫోన్లు మాట్లాడుకునేవారు.

అడ్డుపడింది ఒక్కడే. సుబ్బరత్నం మామగారు, మార్కండేయులు. ఎనభై ఏళ్ళ మనిషి. ఆయన మాట దాటి ఆ ఇంట్లో కొత్త చీపురు కూడా కొనరు.

"అబ్బాయీ కండెల వారే, అమ్మాయీ కండెల వారే. ఒకే ఇంటిపేరు, ఒకే పులస్త్య గోత్రం. అన్నాచెల్లెళ్ళవుతారు. మీరిద్దరూ తోడికోడళ్ళవుతారు. వదినగారేంటి, వదినగారు!" అని కసిరాడు. శ్రావణంలోపు మనవడికి వేరే సంబంధం ఖాయం చేస్తానని కూడా చెప్పేశాడు.

ఆ రాత్రి ఉషశ్రీ అన్నం తినలేదు. రాజేశ్వరికి నిద్ర పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది— పోయిన అత్తగారు ఒకప్పుడు అన్న మాట. "మనం అసలు కండెల వాళ్ళం కాదే. మా మామగారు ఇల్లరికం వచ్చాడు. ఊరు ఆయనకి మామగారి ఇంటిపేరే తగిలించింది."

మరి ఆయన సొంత గోత్రం? రాజేశ్వరి మొగుణ్ణి లేపి అడిగింది.

"నాకేం తెలుసు? గుళ్ళో పక్కవాడు ఏది చెబితే నేనూ అదే చెప్పేవాణ్ణి," అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు సుబ్బరత్నం ఎవరెవరినో అడిగి కబురు పట్టుకొచ్చింది. మగ్గాలపాలెంలో ఒక మేష్టారు నేతవారి వంశావళులన్నీ పోగుచేసి, ఇంట్లోనే లైబ్రరీ పెట్టాడట. మేష్టారు పోయినా లైబ్రరీ ఉందట. నంబరు కూడా దొరికింది. రాజేశ్వరి ఫోన్ చేసి కండెల వారి సంగతి కావాలంది.

అవతల ఓ సన్నటి ఆడగొంతు. "పగలు కుదరదండీ. బుధవారం చీకటిపడ్డాక రండి." ఠక్కున పెట్టేసింది.

"రాత్రిపూట లైబ్రరీ ఏంటి వదినగారూ?" అంది సుబ్బరత్నం కళ్ళు పెద్దవి చేసి.

"రాత్రి హోటళ్ళు ఉండట్లేదూ? అలాగే ఇదీను!"

ఇద్దరూ చీరల గుట్ట మీద పడి నవ్వారు. ఇక ప్లానులే ప్లానులు. మార్కండేయులు బుధవారం గుడివాడలో ఎవరింట్లోనో వ్రతానికి వెళ్తున్నాడు, ఇదే అదను. ఇంట్లో చెప్పడానికి— పెడనలో కలంకారీ చీరలు చూడటానికి. రాత్రికి— పెడనలో రాజేశ్వరి పిన్ని గారిల్లు. దారిలోకి పులిహోర, జంతికలు, ఫ్లాస్కు నిండా కాఫీ, టార్చి, దోమలకి ఓడోమాసు. సంచి జిప్పు పట్టలేదు.

"రీసెర్చి అంటున్నాం… ఓ పెన్ను కూడా పెట్టుకోవాలేమోనండీ," అంది సుబ్బరత్నం చివర్లో.

బుధవారం సాయంత్రం బస్సెక్కారు. కాలేజీ ఎగ్గొట్టిన అమ్మాయిల్లా ఉయ్యూరు దాకా నవ్వుతూనే ఉన్నారు. పెడనలో దిగేసరికి చీకటి పడింది. ఆటో నడిపే మరియదాసు మగ్గాలపాలెం అనగానే సరేనన్నాడు. లైబ్రరీ అనగానే బ్రేకు వేశాడు.

"ఆ మేడకా అమ్మా…? ఈ టైముకా?"

పాలాయన కథ అప్పుడు విన్నారు. జంతికలు నమలడం ఆగిపోయింది.

వీధి మొదట్లోనే ఆటో ఆపేశాడు మరియదాసు. "ఇక్కడే ఉంటానమ్మా. మీరు అరిస్తే… ఊళ్ళోకెళ్ళి ఎవరినైనా తీసుకొస్తా."

"వెళ్ళిపోదామా?" సుబ్బరత్నం గుసగుసగా అడిగింది.

రాజేశ్వరి కాళ్ళు కూడా అదే అడుగుతున్నాయి. కానీ అన్నం ముందు కూచుని మెతుకులు కెలుకుతున్న ఉషశ్రీ మొహం కళ్ళలో మెదిలింది. సుబ్బరత్నం చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది.

వీధిలో దీపం లేదు. మేడ తలుపు ఓరగా తెరిచి ఉంది. కింద వరండా, దాని చివర మెట్లు… పైన గాఢమైన చీకటి. ఎక్కడో కాలవ నీళ్ళ చప్పుడు.

అప్పుడు మొదలైంది.

"కండెల సుబ్బయ్యకు ఇద్దరు కొడుకులూ… పెద్దవాడు వీరయ్యా… చిన్నవాడు నరసయ్యా…"

ముసలి గొంతు. ముక్కుతో రాగం తీస్తున్నట్టు. మెట్ల మీంచి మెల్లగా, ఒక్కొక్క పేరే దిగివస్తోంది.

"అమ్మో… నరసయ్య మా మావయ్యగారి తాత!" సుబ్బరత్నం రాజేశ్వరి భుజంలో మొహం దాచేసింది. "మనింటి పేరే పిలుస్తోంది! పదండి వదినగారూ, పదండి…"

"వీరయ్యకు మగసంతు లేదూ… ఒక్కతే కూతురు నాగమ్మా… నాగమ్మకు ఇల్లరికం తెచ్చిన అల్లుడు బ్రహ్మయ్యా…"

రాజేశ్వరి చెవులు రిక్కించింది. బ్రహ్మయ్య! తన మొగుడి తాత!

"ఉండండి!" అంది. "దెయ్యమైతే అయింది. మనక్కావలసిందే చెప్తోంది. పెన్ను తియ్యండి!"

"దెయ్యం చెప్పింది రాసుకుంటామా…?"

"రాయండీ!"

"బ్రహ్మయ్య పుట్టిన ఇంటిపేరు పసుపుల వారూ… గోత్రమూ…"

కాలవ వంతెన మీద లారీ ఒకటి హారన్ కొట్టింది. పొడుగ్గా, చెవులు పగిలేట్టు. అది ఆగేసరికి గొంతు ఇంకెవరి కొడుకుల దగ్గరికో వెళ్ళిపోయింది.

ఆ క్షణంలో రాజేశ్వరికి భయం ఎటుపోయిందో తెలీదు. ఇంతదూరం వచ్చి, ఇంత వణికి, ఆ ఒక్క ముక్కా పోవడమా? మెట్ల దగ్గరికెళ్ళి, తల పైకెత్తి, గట్టిగా కేకేసింది.

"నాగమ్మా…! నాగమ్మ మొగుడి గోత్రమేంటీ…? మళ్ళీ చెప్పండీ…!"

కేక మెట్లంతా తిరిగి, గోడలకి కొట్టుకుని, మరెవరిదో గొంతులా పైకి పోయింది.

మేడ మీద గొంతు టక్కున ఆగిపోయింది.

నిశ్శబ్దం…

తర్వాత వంద పిచ్చుకలు ఒకేసారి పోట్లాడుకుంటున్నట్టు ఓ వింత చప్పుడు. కిచకిచకిచమని వెనక్కి పరుగెడుతున్నట్టు. మళ్ళీ అదే ముసలి గొంతు, ఇందాకటి మాటలే—

"వీరయ్యకు మగసంతు లేదూ…"

దెయ్యం అడిగితే మళ్ళీ చెబుతోంది! సుబ్బరత్నం నోరు తెరుచుకునే రాస్తోంది.

"…పసుపుల వారూ… గోత్రమూ కౌండిన్యా…"

"కౌండిన్య!" రాజేశ్వరి సుబ్బరత్నాన్ని వాటేసుకుంది. "మీది పులస్త్య! వేరు, వదినగారూ, వేరు!"

అంతలో పైన ఏదో దబ్బున పడింది. ఆ వెంటనే ఇంకో గొంతు. ఇది రాగం కాదు, ఏడుపు.

"ఒప్పుకున్నా…! ఒప్పుకున్నానత్తా…! నన్నొదిలెయ్…!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అలాగే బిగుసుకుపోయారు. పై మెట్టు మీద ఓ వెలుగు కదిలింది. ఫోన్ టార్చి. దాని వెనక ఓ పాతికేళ్ళ అమ్మాయి. మెళ్ళో హెడ్‌ఫోన్లు, చేతిలో చీపురు.

"మీరు… మనుషులేనా?" అంది వణికిపోతూ.

"మేం మనుషులమే. నువ్వో?" అంది రాజేశ్వరి.

ఆ అమ్మాయి పేరు అక్షయ. మేష్టారి మనవరాలు. వంశాలు పాడే పెద్దల పాటల్ని ఆయన ఏళ్ళ తరబడి టేపుల్లో పట్టి పెట్టాడట. ఇప్పుడు ఆ పిల్ల ఒక్కొక్క టేపూ విని టైపు చేస్తోంది.

"పగలంతా చుట్టూ మగ్గాల చప్పుడే కదండీ. ఒక్క పేరూ సరిగ్గా వినపడదు. అందుకే రాత్రి కూచుంటా. లైటేస్తే పురుగులు, దోమలు, అందుకే ఈ చీకటి. కండెల వారి టేపు మీరూ అడిగారు, ఇంకో పెద్దాయనా అడిగారు. ఇద్దరికీ ఒకేసారి వినిపిద్దామని బుధవారమే రమ్మన్నా."

"ఇంకో పెద్దాయనా…?"

సుబ్బరత్నం టార్చి లాక్కుని మెట్లెక్కింది. వెనకే రాజేశ్వరి.

గది మూల, టేపు రికార్డరు పక్కన, పడిపోయిన కుర్చీ వెనక ఓ తెల్లటి ఆకారం ముడుచుకుని కూచుంది. తల మీంచి కండువా కప్పుకుంది. సుబ్బరత్నం కండువా లాగింది.

"మావయ్యగారూ! మీరు గుడివాడ వ్రతంలో కదా ఉండాలి!"

మార్కండేయులు కళ్ళు తెరిచాడు. కోడల్ని చూశాడు. రాజేశ్వరిని చూశాడు. తలుపు వైపు, మెట్ల వైపు చూశాడు.

"కిందనుంచి అరిచింది… మీరా?"

"నేనేనండీ," అంది రాజేశ్వరి.

పెద్దాయన కోడలి చేతిలోంచి కండువా లాక్కున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. మనవడు మొహం మాడ్చుకుని తిరుగుతుంటే చూడలేకపోయాడట. అవునో కాదో తనే తేల్చుకుందామని ఎవరికీ చెప్పకుండా వచ్చాడట. టేపు వింటుంటే, నాగమ్మ పేరు రాగానే, కింద చీకట్లోంచి ఆడగొంతు… "నాగమ్మా… మళ్ళీ చెప్పండీ…" అని.

"నాగమ్మత్తే వచ్చిందనుకున్నా," అన్నాడు. "తన సంతానాన్ని కాదన్నానని అడగడానికొచ్చిందనుకున్నా. ఈ పిల్ల చెయ్యి పట్టుకుని టేపు వెనక్కి తిప్పించా. దండం పెట్టి మాటిచ్చేశా."

రాజేశ్వరికి పొట్టలోంచి నవ్వు తన్నుకొస్తోంది. పెదవి కొరుక్కుంది. "పోనీలెండి, మాటిచ్చింది దెయ్యానికి కాదుగా. మీకు ఇష్టం లేకపోతే—"

"నోర్ముయ్!" పెద్దాయన అదిరిపడి కిటికీ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "గట్టిగా అనకు… ఈ మేడలో ఎవరు వింటున్నారో ఏమో. శ్రావణంలోనే చేసేద్దాం. ముందు… నాకటొకళ్ళు, ఇటొకళ్ళు రండి. మెట్లు దిగాలి."