బొట్టు పెట్టి పిలిచిన మీటప్

"నువ్వు మనిషివేనా?"

సంతోషి నాతో ఫోన్లో మాట్లాడిన మొదటి మాట ఇది. శుక్రవారం సాయంత్రం నాచారంలో నా అద్దె గదిలో, పైన ఇస్త్రీ చొక్కా, కింద గళ్ల లుంగీతో ఆఫీసు వీడియో కాల్‌లో ఉన్నాను. మనిషినేనండీ అని వినయంగా చెప్పాను. మనిషివైతే నాలుగు వారాలుగా ప్రతి మీటప్‌కీ 'వస్తున్నాను' అని నొక్కి ఒక్కదానికీ రాకపోవడమేమిటని అడిగింది. ప్రొఫైల్లో కొబ్బరిచెట్టు బొమ్మ చూసి, ఇది మనిషో, కంప్యూటరు పుట్టించిన దొంగ ఖాతానో తేల్చుకుందామని ఫోన్ చేసిందట.

'ఉప్పల్ వీకెండ్ దోస్త్స్' అనే ఆన్‌లైన్ గ్రూపు ఆవిడది. ఊళ్లో స్నేహితుల్లేనివాళ్లు ఆదివారాలు కలుసుకుని ఆటలాడుకోవాలని పెట్టింది. సభ్యులు మూడొందల చిల్లర. వచ్చేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టడానికి కూడా చాలరు.

నా వైపు న్యాయం నాకుంది. మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మ శ్యామలాదేవి నేర్పిన మర్యాదల్లో మొదటిది, పిలిచినవాళ్లకి ముఖం మీదే రానని చెప్పకూడదు. 'అయ్యో, తప్పకుండా వస్తామండీ' అనాలి. ఆ తర్వాత వెళ్లకపోవడానికి జలుబుంది, వర్షముంది, చివరి నిమిషంలో ఊడిపడే బంధువులున్నారు. యాప్‌లో బటన్ అయినా మర్యాద మర్యాదేగా.

"మీ మర్యాదకో దండం," అంది సంతోషి. "పోయిన ఆదివారం ఇరవై మంది వస్తమన్నరని హోటల్ల టేబుళ్లు కలిపిచ్చిన. ఒక్కదాన్నే కూసొని ఇడ్లీ తిన్న. ఇంకెవరన్న వస్తరా మేడం అని వెయిటర్ అడుగుడు, నేను ట్రాఫిక్‌ల ఉన్నరని చెప్పుడు. ఈ ఆదివారం రాకుంటె నిన్ను గ్రూపులకెల్లి తీసేస్త."

తీసేస్తే పీడా పోయింది అనుకోవచ్చు. కానీ హైదరాబాదులో నా సంఘజీవితం మొత్తం ఆ గ్రూపే. ఉద్యోగం ఇంటి నుంచే. రోజంతా మనుషులతో మాట్లాడతాను, కాకపోతే అందరూ చిన్న చిన్న గళ్లలో ఉంటారు. కాళ్లున్న మనిషి నాతో మాట్లాడిందంటే అది మా ఇంటి ఓనరు వెంకటనర్సమ్మే, అదీ నీళ్ల మోటారు బంద్ చేశావా అని. వేరే గ్రూపులు చూడకపోలేదు. యోగా గ్రూపువాళ్లు తెల్లవారుజామున రమ్మన్నారు, అది యోగం కాదు, కర్మ. స్టార్టప్ గ్రూపుకి వెళ్తే నాతో చేయి కలిపిన ప్రతివాడూ ఆ చేతిలో విజిటింగ్ కార్డు పెట్టాడు.

అందుకని ఆదివారం వెళ్లాను.

ఉప్పల్ స్కైవాక్ మీద కలుద్దామంది. ఆ నడకదారి చౌరస్తా పైన చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది. నేను ఆవిణ్ణి వెతుకుతూ కుడివైపు నడిచాను. ఆవిడా నన్ను వెతుకుతూ అటే నడిచింది. ఒకే దిక్కుగా తిరిగే ఇద్దరు ఎదురుపడరన్న సంగతి బీటెక్ చదివిన ఇద్దరికీ తట్టలేదు. ఇంతలో వాన మొదలైంది. ఒళ్లు మండి ఒకచోట ఆగిపోతే, వెనక నుంచి ఆవిడ వచ్చి నన్ను పైకీ కిందికీ చూసింది.

గిరిప్రసాద్ అంటే రిటైరైన లెక్కల సారు వస్తడనుకున్న అంది.

కళ్లజోడు మీద వాన చుక్కలు పడితే తీసి చున్నీతో తుడుచుకుంది. అంతసేపూ ఆవిడకి నేను సరిగ్గా కనబడలేదు. నాకు మాత్రం ఆవిడ చాలా బాగా కనబడింది. ఇంకెవరూ రాలేదు. ఎదురుచూస్తున్నట్టు నటిస్తూ కప్పున్న చోట కూర్చుని ఇద్దరం అష్టాచెమ్మా ఆడాం. నన్ను చిత్తుగా ఓడించి, ఓడినవాడే చాయ్ తాగించాలన్న నియమం అప్పటికప్పుడు పుట్టించింది.

సంతోషి వాళ్లది మేడిపల్లి. నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో షిఫ్టు ఉద్యోగం. కలిసి చదువుకున్నవాళ్లందరూ పెళ్లిళ్లై వెళ్లిపోయారు, ల్యాబులో ఆడవాళ్లు పిల్లల యూనిట్ టెస్టుల గురించి తప్ప మాట్లాడరు. మాట్లాడే మనిషి కోసం గ్రూపు పెట్టానని చెప్పింది. చెబుతూ నవ్వింది కానీ, ఆ నవ్వులో ఒంటరితనం నాకు తెలిసిందే. నా గది గోడలకి కూడా తెలుసు.

తర్వాత ఆదివారాలన్నీ అలాగే నడిచాయి. ఫొటో వాక్ అంది, ఇద్దరమే. పుస్తకాల చర్చ అంది, ఇద్దరమే, ఇద్దరం పుస్తకం చదవలేదు. మొదట్లో దయాకర్ అని ఒకాయన వచ్చేవాడు, మా కాలనీవాడే. ఆట మధ్యలో గవ్వలు పట్టుకుని, మీకేమన్నా అయితే మీ అమ్మగారి పరిస్థితేంటి అని అడిగేవాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు. మేమిద్దరం పాలసీ తీసుకోమని తేలాక ఆయనా మానేశాడు.

ఎవరూ రానందుకు సంతోషి ప్రతిసారీ చుట్టూ చూసి నిట్టూర్చేది. నేనూ మర్యాదకి నిట్టూర్చేవాణ్ణి. లోపల మాత్రం ఎవరూ రాకూడదని మొక్కుకునే స్థితికి వచ్చేశాను. నా 'అండీ'లు లెక్కపెట్టి ఏడిపించేది, నా చాయ్‌లో తన బిస్కెట్ ముంచేది. ఇంకేం చెప్పను, పీకల దాకా మునిగాను.

వానలు తగ్గిన వారం, ఉప్పల్ బస్టాపు పక్క చాయ్ బండి దగ్గర, గ్లాసులోకి చూస్తూ సంతోషి చెప్పింది.

"వరంగల్ సంబంధం ఒకటి వచ్చింది. నాయిన చూద్దమంటుండు. గ్రూపుకు గూడ ఎవ్వలొస్తలేరు. వచ్చే ఆదివారం గూడ గిట్లనే ఉంటె ఇగ మూసేస్త."

అని నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేనూ గట్టిగా ఆలోచించి అడిగాను.

"కనీసం ఎంతమంది రావాలండీ?"

సంతోషి కళ్లు మూసుకుంది. ఇరవై అంది. మళ్లీ, ముప్పై, నీ ఇష్టం అని ఖాళీ గ్లాసు బండి మీద పెట్టి బస్సెక్కేసింది.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. గ్రూపు మూసేస్తే ఆదివారాలు పోతాయి. ఆదివారాలు పోతే సంతోషి వరంగల్ పోతుంది. నువ్వంటే ఇష్టమని నేరుగా చెప్పేయవచ్చు కదా అంటారు. చెబితే తను కాదంటే? 'రాను' అనే మాట చెప్పడమే కాదు, వినడం కూడా మా ఇంట్లో అలవాటు లేదు. అందుకని ముప్పై మందిని పోగుచేయడమే తేలికనిపించింది.

వెంకటనర్సమ్మకి గోడు వెళ్లబోసుకున్నాను. ఆవిడ నా ఫోను తీసుకుని, యాప్‌ని అటూ ఇటూ చూసి, వెనక్కిచ్చేసింది.

"కొడుకా, ఫోన్ల పిలిస్తే ఫోన్లనే వస్తరు. ఇంటికి పోయి బొట్టు వెట్టి పిలిస్తే కాలు విరిగినోడు గూడ వస్తడు. పా, నేను వస్త."

కుంకుమ భరిణె పట్టుకుని ఆవిడ ముందు, చెప్పులు విప్పుతూ తొడుగుతూ నేను వెనక, కాలనీ మొత్తం తిరిగాం. ఆవిడ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టేది. నేను, సంతోషీ నేనూ కలిసి పెట్టుకున్నామండీ, ఆదివారం పదింటికి ఉప్పల్లో, మీరు తప్పకుండా రావాలి అని చేతులు జోడించేవాణ్ణి. ఏం కార్యక్రమమని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. బొట్టు పెట్టించుకున్నాక అలా అడగడం బాగుండదు కదా. టిఫినా భోజనాలా అన్నది మాత్రం అందరూ అడిగారు.

కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన త్రిమూర్తులు గారు, రిటైరైన గుమస్తా, నా రెండు చేతులూ పట్టుకుని అమ్మకి తెలుసా బాబూ అన్నారు. అంతా చెప్పానండీ, సంతోషించిందండీ అన్నాను. నేను చెప్పింది ఆదివారాలు బయటికి వెళ్తున్నాననే. ఆయన కళ్లొత్తుకున్నారు. మీటప్‌కి ఇంత చలించిపోవాలా అని ఆశ్చర్యపోయాను. కాలనీ సంఘం అధ్యక్షుడు జనార్ధనరావు గారు అమ్మాయి ఇంటిపేరు, తండ్రి పేరు, ఏం చదివింది అన్నీ అడిగారు. ఆటకి పేర్లు నమోదు చేసుకోవడంలో ఎంత శ్రద్ధ అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

ఆదివారం ఉప్పల్లో హోటల్ మేడ మీద హాలు తీసుకుని, సంతోషిని అక్కడికే రమ్మన్నాను. పది కాకముందే మెట్ల మీద పట్టుచీరల గరగర వినబడింది.

నలభై మంది వచ్చారు. ఆడవాళ్ల తలల్లో మల్లెపూలు, మగవాళ్ల చేతుల్లో రంగు కాగితం చుట్టిన పొట్లాలు. గోడ గడియారం, స్టీలు డబ్బాలు, ఫ్లాస్కు. పళ్లెంలో జాకెట్టు ముక్కలు, తమలపాకులు. జనార్ధనరావు గారైతే రెండు గులాబీ దండలు తెచ్చారు. అవి చూశాక, అప్పుడు, నాకు విషయం బోధపడింది.

సరిగ్గా అప్పుడే సంతోషి జీన్స్ ప్యాంటుతో, చంకలో అష్టాచెమ్మా అట్టలతో లోపలికి వచ్చింది. ఆడవాళ్లు చుట్టుముట్టి, పిల్ల మంచిగుంది గని గీ బట్టలేంది అని ఒకరు, లోపల మార్చుకుంటుందిలేమ్మా అని ఇంకొకరు. ఎవరో తల్లో పూలు కూడా పెట్టేశారు. ఆ పూలతో, ఆ అట్టలతో, నలభై మంది మీదుగా నన్ను చూసింది. ఆ చూపుని వర్ణించమంటే నా వల్ల కాదు.

పరుగెత్తుకెళ్లి చెప్పేద్దామనుకునేలోగా మెట్ల మీద ఒకాయన హెల్మెట్ కూడా తీయకుండా వచ్చాడు. ఉప్పలయ్య, సంతోషి తండ్రి. కాలనీతో పాటు వచ్చిన దయాకర్, ఆయనకీ ఏనాడో పాలసీ అంటగట్టాడట. హాల్లోంచే ఫోన్ చేసి, అమ్మాయి నిశ్చితార్థానికి అభినందనలు, ఇప్పుడు జాయింట్ పాలసీ మంచిదని చెప్పాడు.

"గిరిప్రసాద్ ఎవరు?" అన్నాడు ఉప్పలయ్య.

నలభై మందీ నా వైపు వేలు చూపారు. త్రిమూర్తులు గారు కూడా.

ముందు అందరికీ దండం పెట్టాను. ఇది నిశ్చితార్థం కాదండీ, ఆదివారం ఆటల మీటింగండీ, పిలవడం నాకు చేతకాలేదు, తప్పంతా నాదే, సంతోషికి ఏమీ తెలియదు అని చెప్పాను. ఎవరో ఫ్లాస్కు వెనక్కి తీసుకున్నారు. అక్కడితో ఆపి ఉంటే మర్యాదగా బయటపడేవాణ్ణి. కానీ సంతోషి తల దించుకుని పూలు తీసేయడం చూశాను. ప్రాణం ఒప్పలేదు.

"కానీ మామయ్యగారూ, ఇది నిశ్చితార్థం అయ్యుంటే బాగుండునండీ. నాకు సంతోషి అంటే చాలా ఇష్టం. గ్రూపు మూతపడితే ఇక కనబడదేమోనని భయమేసి, వీళ్లందర్నీ పిలిచాను."

ఉప్పలయ్య హెల్మెట్ తీశాడు. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను.

"గీ ముచ్చట నాకెందుకు చెప్తున్నవ్? ఆ పిల్లకు చెప్పు," అన్నాడు. తర్వాత జనార్ధనరావు వైపు తిరిగి, "సారూ, ఆ దండలు ఫ్రిజ్జుల పెట్టుమనున్రి. మాట్లాడుకున్నంక చూద్దం. ఇంతమంది వచ్చిన్రు, ముందుగాల టిఫిన్లు పెట్టియ్యున్రి."

సంతోషి నా చొక్కా చేయి పట్టుకుని మెట్ల మీదికి లాక్కుపోయింది. హాల్లో ప్లేట్ల చప్పుడు మొదలైంది. తను నా కంటే ఒక మెట్టు పైన నిలబడింది.

"ఎవ్వలొస్తలేరని నిజంగ నమ్మినవా? గ్రూపుల మీటప్ పెట్టుడు బంద్ చేసి రెండు నెలలైంది. నీ ఒక్కనికే వాట్సాప్ చేస్తున్న."

నేను ఫోన్ తీసి చూశాను. గ్రూపు యాప్‌లో రెండు నెలలుగా ఒక్క పిలుపూ లేదు.

"సంబంధం వచ్చిందని చెప్పిన, మూసేస్తనని చెప్పిన. గప్పుడన్న నోరు తెరుస్తవనుకున్న. నువ్వేమో పోయి నలభై మందిని తోలుకొచ్చినవ్." కోపమో ఏడుపో తనకీ తెలిసినట్టు లేదు. "ఊరంతటికి బొట్టు పెట్టినవ్ గిరీ. నన్ను మాత్రం ఒక్క మాట అడుగలే."

సిగ్గుతో నా తల వాలిపోయింది. తను కళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి, నాకు కనబడేలా పట్టుకుని గ్రూపు మూసేసింది. మూడొందల చిల్లర దోస్తులూ ఒక్క నొక్కుతో మాయమయ్యారు.

"ఇగ గ్రూపు లేదు," అంది. "ఇప్పుడు అడుగు."

తప్పించుకోవడానికి జలుబు లేదు, వర్షం లేదు, బంధువులందరూ లోపల వడలు తింటున్నారు. ఏమన్నా అననీ అని, తన కళ్లలోకి చూసి అడిగేశాను.

"సంతోషీ, వచ్చే ఆదివారం నాతో వస్తావా? నువ్వూ నేనే."

"వచ్చే ఆదివారం దాక ఎందుకు?" అంది. "రేపు నాకు సెకండ్ షిఫ్టు. పొద్దుగాల ఖాళీనే."