కారణం అనే గడి

ఆ ఆదివారం పొద్దున ఆకాశం విరిగిన పాలలా ఉంది. మబ్బులు ముక్కలు ముక్కలుగా తేలుతున్నాయి. గౌలిపుర, మొఘల్‌పురా గల్లీలన్నీ తిరిగి పాలు పోసి వచ్చిన రవీందర్, ఖాళీ క్యాన్లు బోర్లించి బర్రెల కొట్టం ముందు కాళ్లు కడుక్కున్నాడు.

తండ్రి బీరయ్య బండి తుడుస్తున్నాడు. వెనక సీటు మాత్రమే.

"చెల్లెను జర మొఘల్‌పుర దాంక దింపిరా. టీచరమ్మకు ఇండ్లు తిరిగే పనుందంట."

"ఇప్పుడే ఆడికెల్లి వచ్చిన బాపూ."

"అయితే తొవ్వ ఎరుకేనాయె."

చెల్లెలు అమల ఎం.ఏ. సోషియాలజీ చదివి బీఎడ్ చేసింది. పదో తరగతిలో రవీందర్ వదిలేసిన బడిలోనే, నెల క్రితం సోషల్ టీచరుగా చేరింది. ఆ నెలలో బీరయ్య ఈ సంగతి గడ్డి అమ్మేవాడికీ, ఆఖరికి బర్రెల డాక్టరుకూ చెప్పాడు. పదహారేళ్లుగా నాలుగింటికే లేచే కొడుకు గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. పెరుగు మీది మీగడ మొదట అమల కంచంలోనే పడుతుంది. రవీందర్ రోజూ చూస్తాడు. చూడొద్దనుకుంటూనే చూస్తాడు.

"సోషియాలజీ అంటే ఏంది అమలా?" అన్నాడు తువ్వాలతో మొహం తుడుచుకుంటూ. "ఏ ఇంట్ల ఎవరేం జేస్తున్నరని అడుగుడే గదా. గది నేను పాలు పోసుకుంట రోజు చేస్తున్న. నాకూ ఇయ్యమను ఒక డిగ్రీ."

"నువ్వు అడుగుతవ్ అన్నా, రాయవ్. గంతే ఫరక్," అని అమల నవ్వింది. రవీందర్ నవ్వలేదు.

చినుకులు మొదలయ్యాయి. "బయట మంచం మీద అమల కాయితాలు తడుస్తున్నయ్, తియ్యుండ్రి," అని వంటింట్లోంచి తల్లి ఆండాలు కేకేసింది. దగ్గరున్నది రవీందరే. తీస్తుంటే పై కాగితం మీద తన పేరు కనబడింది. 'రవీందర్. పదో తరగతి. బడి మానేశాడు.' పక్కనే బడి రిజిస్టరులోంచి దించిన మాట: 'చదువుపై ఆసక్తి లేదు.'

అతను ఆ కాగితం అమల ముందు పడేశాడు.

"నన్ను గూడ ఎక్కించినవా ఇందుల? మా అన్న మొద్దు అని సార్లకు చూపెడ్తవా? నీ కొలువుకు నా ఇజ్జతే దొరికిందా?"

"లొల్లి ఎందుకురా," అన్నాడు బీరయ్య. "ఉన్నదే రాసింది. నీకప్పుడు సదువు మీద మనసు లేకుండె."

రవీందర్ తండ్రి వైపు తిరిగాడు. "నీకు గట్లనే యాదికున్నదా బాపూ?" అన్నాడు మెల్లగా.

అమల కాగితం వైపు వేలు చూపించింది. "కింద గూడ చదువు అన్నా. పాత రిజిస్టర్ల నలభై మంది పేర్లకు గదే మాట ఉంది. అందరికీ ఒకే కారణం రాసుంటే, అడిగినోళ్లు లేరన్నట్టేనని కాలేజీల మా మేడం చెప్పేది. ఇప్పుడు నా క్లాసుకు ఐదుగురు వస్తలేరు. వాళ్లకూ గదే రాయుమంటున్నరు. నేను రాయ. ఇంటింటికి పోయి అడుగుత. మొదలు మనింటికెల్లే. నువ్వు నెల సంది సక్కగ మాట్లాడ్తలేవని, బడి ఎందుకు మానినవో అమ్మనడిగిన."

రవీందర్ కాగితం మళ్లీ ఎత్తాడు. రిజిస్టరు మాట మీద ఎర్ర సిరా గీత ఉంది. కింద, కారణం అనే గడిలో, అమల చేతిరాత పట్టక పట్టక ఇరికి ఉంది. చదువుతూ చదువుతూ అతను ఆగిపోయాడు.

"ఏం రాసింది?" అన్నాడు బీరయ్య.

రవీందర్ చదవలేకపోయాడు. అమలే తీసుకుని చదివింది.

"ఆ ఏడు బర్రె తన్ని బాపు చెయ్యి విరిగింది. పాలు పిండేవాళ్లు లేరు. అన్న తన బడి సంచీ మీద పేరు కొట్టేసి నా పేరు రాశాడు. నేను ఒక్కరోజు కూడా బడి మానలేదు."

బీరయ్య తన కుడి మణికట్టు వైపు చూసుకున్నాడు. అది ఇప్పటికీ కొంచెం వంకరే. చాలాసేపు దాన్నే రుద్దుకుంటూ కూర్చున్నాడు.

రవీందర్ ముక్కు ఎగబీల్చి, "మొఘల్‌పురల ఎవరిల్లు?" అన్నాడు.

"మున్నీ అని, తొమ్మిదో తరగతి."

"ఎరుకే. వాళ్లమ్మకు మొన్ననే కాన్పైంది. చంటిపిల్లను ఆ పొల్లనే ఎత్తుకుంటది. తిని పోదాం."

ఆండాలు నలుగురికీ అన్నం పెట్టింది. బీరయ్య పెరుగు గిన్నె అందుకుని, మీగడంతా గరిటెతో తీసి కొడుకు కంచంలో వేశాడు. రేకుల మీద చినుకుల చప్పుడొక్కటే వినిపిస్తోంది.

ఆ పూట అమల కంచంలో ఏముందో రవీందర్ చూడలేదు.