కె డ్రైవు

చనిపోయిన నా కూతురి డిస్కుకి దాని పాత అక్షరం తిరిగి ఇవ్వబోయి, బతికున్న పిల్లని పోగొట్టుకోబోయాను.

బరంపురం గోసాని నువాగాంలో మాకు బట్టల దుకాణం ఉంది. ఇల్లు దాని వెనకే. నా కూతురు కీర్తి డెంగ్యూతో పోయింది. తరవాత మరిది హేమచంద్రకి ఆడపిల్ల పుడితే, దానికీ కీర్తి అనే పెట్టారు. పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి పెట్టడం మా ఇళ్లలో మామూలే.

తన పేరులో మొదటి అక్షరమని నా కూతురు కంప్యూటరులో తన డిస్కుకి 'కె' అనే డ్రైవు అక్షరం పెట్టుకుంది. తను పాడిన పాటల వీడియోలన్నీ ఒక వరసలో పేర్చుకుంది. ఆ వరస పాటల్ని కె డ్రైవులో తప్ప ఇంకెక్కడా వెతకదు. మరిది చిన్న కీర్తి ఫొటోల డిస్కుకీ అదే అక్షరం ఇచ్చాడు. కంప్యూటరులో ఒక అక్షరం ఒక్క డిస్కుకే. రెండూ తగిలిస్తే నా కూతురి డిస్కుకి వేరే అక్షరం పడేది, పాటలు దొరికేవి కావు.

ఒక వానసాయంత్రం దీని సంగతి తేల్చేద్దామని కూర్చున్నాను. గదంతా కొత్త బట్టల గంజి వాసన. చిన్నది నా వెనక నేలమీద గుడ్డముక్కలతో ఆడుకుంటోంది.

"హేమా, చిన్నదాని డిస్కుకి కె తీసేస్తన్నాను."

"తీసెయ్యి వదినా. మా బుజ్జిదానికి ఏ అక్షరమైతే ఏటి? జెడ్ ఇచ్చీ, ఆఖరి బెంచీలో కూసుంటాది," అని నవ్వుతూ దుకాణంలోకి వెళ్లిపోయాడు.

తీసేశాను. ఈ అక్షరం మీద ఆధారపడినవి ఆగిపోవచ్చు, కొనసాగించాలా అని కంప్యూటరు అడిగింది. అవునన్నాను.

పాత డిస్కు కె అయింది. నా కూతురు తెరమీదకి వచ్చింది. చరణం తప్పింది, నాలిక కరుచుకుంది, మళ్లీ అందుకుంది. ఎంతసేపు చూశానో తెలీదు.

గంజి వాసన పోయింది. ఫినాయిలు వాసన... తడిగుడ్డ వాసన...

"కీర్తీ! పకోడీలు సల్లారిపోతన్నాయి!" వంటింట్లోంచి తోడికోడలు శాంతి పిలిచింది. గుమ్మంలోకి వచ్చింది. "ఏటే, సెవుడొచ్చిందేటి?"

చిన్నది తల్లివైపు చూడలేదు. లేచి, నా దగ్గరికి వచ్చి, కొంగు పట్టుకుంది.

"అమ్మా..."

దానికి నేను పెద్దమ్మని.

"అమ్మా... ఇంటికెల్లిపోదాం."

ఆసుపత్రి మంచం మీద నా కూతురు అడిగింది ఇదే. చివరిదాకా ఇదే. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

పిల్లని ఒళ్లోకి తీసుకున్నాను. ఒళ్లు కాలిపోతోంది. వెంటనే చెయ్యాల్సింది ఏమిటో నాకు తెలుసు. చెయ్యలేదు. దాని నుదురు మీద చెయ్యి వేసి, "ఎల్లిపోదాం తల్లీ," అన్నాను.

"అక్కా! పిల్ల నోట్లోంచి రక్తం!" శాంతి అరిచింది.

చిగుళ్లలోంచి. అలాగే మొదలైంది అప్పుడూ. ఆ తరవాత ఏం జరుగుతుందో నాకు తెలుసు.

మౌసు అందుకుని పాత డిస్కుకి కె తీసెయ్యబోయాను. కొనసాగించాలా... మళ్లీ అదే ప్రశ్న. కొంగు గట్టిగా బిగిసింది.

"వద్దమ్మా..."

అవును నొక్కాను.

పాట మధ్యలో ఆగింది. కె చిన్నదాని డిస్కుకి ఇచ్చేశాను. ఒళ్లో పిల్ల చల్లబడింది. చిగుళ్ల మీద రక్తం లేదు. "పెద్దమ్మా, నొక్కీకు, ఊపిరాడ్డం లేదు," అంది.

ఆ వారమే దాని పేరు వాసవి అని మార్పించాను.

"అన్నయ్య కూతురు పేరు నిలబెడదామనుకున్నాం వదినా," అని మరిది బాధపడ్డాడు.

"నిలబెట్టింది చాలు," అన్నాను.

పాత డిస్కు బీరువాలో నా చీరల కింద ఉంది. ఏ తీగకీ తగిలించలేదు. అయినా ముట్టుకుంటే జ్వరం ఒంటిలా వేడిగా ఉంటుంది. కాసేపు దాని మీద చెయ్యి ఉంచుతాను. మళ్లీ అక్షరం మాత్రం ఇవ్వలేదు.