ఖాళీ లేని ఫోను

కంచికచర్ల దాటాక హైవే పక్కన సొలొమోను శవం దొరికింది. లారీ గుద్దిందన్నారు జనం. నిజమే. కానీ ఆ లారీ ఆగి, వెనక్కొచ్చి, మళ్లీ గుద్దింది.

నందిగామ బస్టాండులో టీ తాగుతున్న ఏజెంట్ ప్రద్యుమ్నకు చీఫ్ శేషాద్రి ఫోన్లో ఆ వార్త చెప్పాడు. టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ట్రైనింగ్ నాటి నుంచీ సొలొమోను, అతనూ ఒకే జట్టు.

"ఏడవడానికి టైము లేదు. చచ్చేముందు వాడు పంపిన కబురు విను. జగ్గయ్యపేట ఫంక్షన్ హాల్లో ఫ్రీ క్యాంపు. మీ ఫోన్లలో చెత్త తీసేసి, ఫొటోలు సర్దిపెడతాం అంటున్నారు. సర్దేది విదేశీ ముఠా. నడిపేది నీహారిక."

"మన నీహారికా?"

"ముఠాలోకి మనమే పంపాం. కొన్నాళ్లుగా రిపోర్టుల్లేవు. అమ్ముడుపోయిందనే నా అనుమానం. నమ్మకు."

"టార్గెట్?"

"రాజరాజేశ్వరి అనే ఆవిడ. భర్త కరెంటు గ్రిడ్ కంట్రోల్ రూమ్ ఇంజనీరు. పాస్‌వర్డులు మర్చిపోతానని అక్కడి స్క్రీన్లన్నీ ఫొటోలు తీసుకున్నాడు. ఆ పాత ఫోను ఆవిడ ఇవాళ క్యాంపుకి పట్టుకెళ్లింది. ఆ ఫొటోలు దేశం దాటితే ఆస్పత్రులతో సహా దక్షిణాదంతా చీకటి."

"పోలీసులు?"

"ఖాకీ కనపడితే ఒక్క క్లిక్కుతో పంపేస్తారు. బయటే ఉంచుతా. మన ల్యాబ్ ఒక ప్రోగ్రామ్ పంపుతుంది. నీ ఫోన్ని వాళ్ల లాప్‌టాప్‌కి తగిలించు. అదీ, దానికి తగిలించినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, నీ ఫోను తప్ప."

తలపాగా, దూది అంటిన చొక్కాతో పత్తి రైతు వేషంలో ప్రద్యుమ్న హాల్లో అడుగుపెట్టాడు. లేతనీలం పట్టుచీరలో నీహారిక లాప్‌టాప్ ముందు కూర్చుని నవ్వుతోంది. ఆమె వెనకే ముఠా మనిషి కిషోర్‌బాబు, చెయ్యి సంచిలో పెట్టి నిలబడ్డాడు. ఎదుటి కుర్చీలో రాజరాజేశ్వరి తన ఫోను కోసం ఎదురుచూస్తోంది.

"ఎక్కడి నుంచండీ?" అంది నీహారిక.

"వత్సవాయండి. ఫోను నిండిపోయిందండి. మెసేజి కూడా రావట్లా."

అది నటన కాదు. అప్పుడే ల్యాబ్ ఫైలు వచ్చింది. కానీ డౌన్‌లోడ్ కాలేదు. స్టోరేజ్ ఫుల్.

ఆ హెచ్చరిక నెలల తరబడి వస్తూనే ఉంది. అతనే పక్కకి నెట్టేస్తూ వచ్చాడు. గుడ్ మార్నింగ్ పువ్వులు, ఒకే ఫొటో నాలుగేసి కాపీలు, ఎవరో పంపిన వంటల వీడియోలు. ఏరుకుంటూ కూర్చునే వ్యవధి లేదు. లాప్‌టాప్ మీద, రాజరాజేశ్వరి ఫొటోలు ఎంతవరకూ ఎక్కాయో చూపే పచ్చగీత చివరికొస్తోంది.

ఒకే దెబ్బకు చోటిచ్చే ఫోల్డరు ఒక్కటే. సొలొమోను వాయిస్ మెసేజ్‌లు, వీడియోలు. "ఒరే బావా, తిన్నావా?" అంటూ మొదలయ్యేవి అన్నీ. ఏజెంటు ఫోనుకు బ్యాకప్ ఉండకూడదని రూలు. ఇక్కడ పోతే ఆ గొంతు ఎక్కడా ఉండదు.

డిలీట్ నొక్కాడు.

ఫైలు దిగింది.

"ఇలా ఇవ్వండి," అని నీహారిక ఫోను లాక్కుంది.

"వాడిది తర్వాత! ముందు అది పంపెయ్!" కిషోర్‌బాబు అరిచాడు.

ఆమె వినిపించుకోలేదు. వైరు తగిలించింది. పచ్చగీత అంచు తాకబోతూ ఆగింది. స్క్రీను నల్లబడింది.

కిషోర్‌బాబు సంచిలోంచి పిస్తోలు తీసి ఆమె తలకి గురిపెట్టాడు. ప్రద్యుమ్న బల్ల ఎత్తి వాడి మీదకి తోశాడు. గుండు ఫ్యాన్‌కి తగిలింది. జనం కేకలు విని పోలీసులు లోపలికి దూసుకొచ్చారు.

వాణ్ణి లాక్కెళ్లాక నీహారిక గోడకి చేరగిలబడింది. "పక్కనే ఉండి కాపలా కాశాడండీ, ఇంక రిపోర్టులేం పంపను? డూప్లికేట్లు తీసేస్తే త్వరగా వెళ్తాయని చెప్పి పొద్దుట్నుంచీ ఆపుతున్నా. చివరికి తీయడానికి ఒక్కటీ మిగల్లా. అంతలో మీరొచ్చారు, చూడగానే గుర్తుపట్టా." ఊపిరి తీసుకుంది. "దొరికిన ఒక్క సందులో నేనిచ్చిన కబురు పట్టుకెళ్లిన సొలొమోను గారేరండీ?"

ప్రద్యుమ్న తలపాగా తీసేశాడు. ఆమెకు అర్థమైంది. పట్టుకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను వైరు పీకి, ఆ గొంతు లేని ఫోను జేబులో వేసుకున్నాడు.

కుర్చీ వెనక నుంచి రాజరాజేశ్వరి మెల్లగా లేచింది. తన ఫోను ఏరుకుని, నొక్కి చూసుకుంది.

"అమ్మయ్య, ఎంత స్పీడయిందండీ! మా ఆయన కొత్త ఫోను ఇంతకంటే ఘోరం. ఆ ఆఫీసు ఫొటోలన్నీ అందులోనూ ఉన్నాయి. రేపు కూడా ఉంటారాండీ?"