సోంపు గిన్నె కింద ఇరవై రూపాయలు

"వచ్చిండు చూడు మన పిసినారి" అంది కళావతి, నీళ్ల జగ్గు నింపుతూ.

ఆ మాట తండా భాషలో అంది. భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద ఉన్న నందిని ఫ్యామిలీ రెస్టారెంట్‌లో ఆ భాష తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు టేబుళ్ల దగ్గర వడ్డించే కళావతి, ఇంకొకరు వెనక గిన్నెలు కడిగే ఈదమ్మ. ఇద్దరిదీ గూడూరు దగ్గర ఒకటే లంబాడా తండా. కస్టమర్ల ముందే కస్టమర్లను తిట్టుకోవడానికి అంతకంటే మంచి సౌకర్యం ఏముంటుంది? జీతంలో దొరకని ఆ సుఖాన్ని కళావతి ధారాళంగా వాడుకునేది.

పిసినారి పేరు ప్రేమ్. చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఇంజనీరు, వచ్చింది జనగామ నుంచి. ఈ సంగతులన్నీ అతని స్నేహితుల మాటల్లో ఆమె చెవిన పడ్డవే. వారానికి మూడు నాలుగు సార్లు వస్తాడు. మీల్స్ తింటాడు, మర్యాదగా మాట్లాడతాడు, "అన్నం మంచిగుంది" అంటాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న గుంట పడుతుంది. తర్వాత లేచి కౌంటర్ దగ్గర ఫోన్‌తో స్కాన్ చేసి వెళ్లిపోతాడు. సోంపు గిన్నె కింద రూపాయి బిళ్ల కూడా ఉండదు.

ఇవ్వనివాడు ముఖం చిట్లించుకుని పోతే బాధ లేదు. నవ్వుకుంటూ పోతాడు చూడండి, అదీ ఆమెకు మంట. అందుకే అతన్ని ఫ్యాను తిరగని టేబుల్ దగ్గర కూర్చోబెట్టేది.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. ప్రేమ్ తడిసి వచ్చాడు. జుట్టు నుంచి నీళ్లు కారుతుంటే కళావతికి జాలి వేసి, చేతులు తుడుచుకునే నాప్‌కిన్ ఒకటి తెచ్చి ఇచ్చింది. జాలి పడ్డందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపాన్ని వంటింటి కిటికీ వైపు తిరిగి తీర్చుకుంది.

"ఎంగిలి చేత్తోని కాకిని తోలడు ఈదమ్మక్కా. వీన్ని చేసుకునేదానికి పెండ్లినాటి సందే ఉపాసం."

ప్రేమ్ పప్పుచారు కలుపుకుంటూ తల కూడా ఎత్తలేదు. అదే భాషలో, అచ్చం తండా మనిషిలాగే అన్నాడు.

"ఉపాసం ఉంచను. యాడీ, జర గట్టి పెరుగుంటే పంపియ్యరాదు."

యాడీ అంటే అమ్మ. కిటికీ అవతల ఈదమ్మ చేతిలోంచి గిన్నె జారి పడింది. కళావతి పోస్తున్న నీళ్లు గ్లాసు నిండి, టేబుల్ మీద పారి, అతని ప్యాంటు మీదికి దిగాయి. అతను కదల్లేదు. ఎలాగూ తడిసే ఉన్నాడు.

"మీకు మా భాష వచ్చా?"

"మాది గంగారం దిక్కు తండా. జనగామల చదువుకున్న, అంతే."

"ఎప్పటి సంది వింటున్నరు?"

"మొదటి రోజు సంది. ముక్కు మంచిగుంది గని మనసే మంచిగ లేదన్నవ్ గదా, గప్పటి సంది."

భూమి చీలితే దూరిపోయేదే. నేల మీద మార్బుల్ బండలు పరిచి ఉండటం వల్ల ఆ అవకాశం లేకపోయింది.

"మరి చెప్పొద్దా?"

"చెప్తే బంద్ చేస్తవ్ గదా. నువ్వు తిడుతుంటే మా ఇల్లు యాదికొస్తుండె." అతను నవ్వాడు, గుంట పడింది. "గని ఒక్కటి సమజ్ కాలే. ఏ రోజన్న టిప్పు ఇయ్యకుండ పోయిన్నా?"

"ఏ రోజిచ్చిన్రు?"

అతను ఫోన్ తీసి చూపించాడు. మీల్స్ నూట ముప్పై. అతను పంపింది నూట యాభై. కిందికి జరిపితే మళ్లీ నూట యాభై. తిన్న ప్రతిసారీ ఇరవై రూపాయలు కలిపే పంపాడు.

కళావతి ఆ అంకెలను వేలితో కిందికి జరిపి చూసింది. కాసేపటికి నవ్వు వచ్చింది, దాని వెనకే దుఃఖం కూడా వచ్చింది. ఎదుటి కుర్చీ పట్టుకుని నిలబడింది.

"గది సేటు ఖాతాకు పోతది సార్. మాకెన్నడు రాలే."

"నీకనే ఏసిన."

"మీరు నాకనే ఏసిన్రు. అది గాయనకే పోయింది. జీతం పెంచు సేటు అంటే 'టిప్పులొస్తయి గదా' అంటడు. మీరేమో టిప్పు గాయనకే ఇస్తిరి. ఇద్దరు కల్సి మమ్ముల మంచిగ అర్సుకున్నరు."

ప్రేమ్ ముఖం చిన్నబోయింది. పర్సులోంచి నోటు తీయబోతే ఆమె వద్దంది. సేటును అడుగుతానని లేవబోతే ఇంకా గట్టిగా వద్దంది.

"మీరడిగితే మీ మర్యాద పెరుగుతది. నా పని పోతది. కూసోని పెరుగన్నం తినుండ్రి."

అతను బుద్ధిగా కూర్చుని తిన్నాడు. ఆ రోజు వెళ్లాక చూస్తే సోంపు గిన్నె కింద ఇరవై రూపాయల నోటు, ఇస్త్రీ చేసినట్టు మడతలు లేకుండా, కొత్తగా ఉంది.

ఇక ఆ నోటు ప్రతిసారీ ఉండేది. ఆమె కూడా ప్రతిసారీ అతన్ని ఫ్యాను కింద కూర్చోబెట్టేది. ఆమె పిలుపులో 'సార్' పోయి 'నువ్వు' వచ్చింది. ఎందుకింత పట్టుదలగా టిప్పు ఇస్తావని ఒకసారి అడిగితే చెప్పాడు. జనగామలో చదువుకునేటప్పుడు స్టేషన్ దగ్గరి హోటల్లో ఎల్లస్వామి అని సర్వర్ ఉండేవాడట. ఇతని ప్లేటులో అన్నం అడుగంటకముందే ఇంకో గరిటెడు వడ్డించి, పిల్లగాడు చదువుకుంటున్నడని ఓనర్‌కు తనే సర్దిచెప్పేవాడట.

"ఉద్యోగం వచ్చినంక పోయి చూస్తే ఎల్లస్వామన్న అక్కడ లేడు. ఎటు పోయిండో ఎవలకు తెల్వది. గందుకే, వడ్డించిన చెయ్యి ఏది కనపడ్డా గాయనదే అనిపిస్తది."

ఆ పూట కళావతి అతను అడగకుండానే అప్పడం ఇంకొకటి వేసింది.

రోజులు ఇలా హాయిగా నడుస్తుంటే తండా నుంచి ఫోన్ వచ్చింది. తండ్రి మోతీలాల్ మంచివాడే, కాకపోతే లెక్క మనిషి.

"హాస్టల్ కిరాయికే నీ జీతం సరిపోతలేదాయె. జాతర ఎల్లేలోపట పెరిగితే ఉండు. లేకుంటే ఇంటికి రా బిడ్డా. మానుకోటల ఒక సంబంధం చూసి పెట్టిన."

మేడారం జాతరకు ఇంకా నెల ఉంది. ఆమె ఆ సంగతి చెబుతుంటే ప్రేమ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మీ నాయినతోని నేను మాట్లాడనా?"

"ఏం మాట్లాడుతవ్?"

"ఇంకో సంబంధం కూడ ఉందని."

వాన లేదు, ఉరుము లేదు. మిట్టమధ్యాహ్నం, పక్క టేబుల్లో ఎవరో చికెన్ ఫ్రైడ్ రైస్‌లో చికెన్ లేదని గొడవపడుతున్నారు. అలాంటి చోట ఆమె జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట వచ్చి పడింది. కళావతికి లోపల నాలుగు డప్పులు ఒక్కసారి మోగాయి. అయినా తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు వద్దు. జీతం లేక ఇంటికి పోవాల్సొచ్చే టైముల నువ్వడిగితే, నచ్చి ఒప్పుకున్ననో, గతిలేక ఒప్పుకున్ననో నాకే తెల్వది. నువ్వు నాకు టిప్పు లెక్క రావొద్దు ప్రేమ్."

అతను చేతిలోని ముద్దను ప్లేటులో పెట్టాడు. "మరి నేనేం చెయ్యాలె?"

"ఆకలైతే రా. లేకుంటే ఊకో."

"ఒక్క మాట చెప్పి ఊకుంట. మా ప్లాంటుల కాంట్రాక్టు కార్మికులు ఒక్కొక్కలు పోతే గేటు కాడనే ఆపుతరు. అందరు కల్సి పోతే కుర్చీలేసి చాయ పోస్తరు."

ఆ మాట ఆమె మనసులో నాటుకుంది. కార్మికుల న్యాయం గురించి అంతకుముందు కూడా వినకపోలేదు. ఎన్నికలప్పుడు ఒక లీడరు మందీ మార్బలంతో వచ్చి, బిర్యానీ తింటూ శ్రమజీవుల రాజ్యం గురించి గంట ఉపన్యసించి, పోతూ పోతూ సోంపు మొత్తం జేబులో పోసుకుపోయాడు. చిల్లర మాట దేవుడెరుగు, గిన్నె మిగిలింది, అదే సంతోషం. ప్రేమ్ మాట మాత్రం పనికొచ్చేలా ఉంది.

జాతరకు ఇంకా చాలా రోజులుండగానే, మధ్యాహ్నం జనం పలచబడ్డాక, వడ్డించేవాళ్లూ వండేవాళ్లూ కడిగేవాళ్లూ అందరూ కౌంటర్ ముందు నిలబడ్డారు. సేటు సోమనర్సయ్య కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశాడు.

"ఏంది, అందరొచ్చిన్రు? గ్యాస్ అయిపోయిందా?"

"గ్యాస్ ఉంది సేటు. జీతం సాల్తలేదు" అంది కళావతి. "లేబర్ ఆఫీసుల గోడకు పెట్టిన కనీస జీతం మాకియ్యుండ్రి. గంతకన్న ఎక్కువ అడుగుతలేం."

"టిప్పులొస్తయి గదా."

"వస్తయి. మీ డబ్బాలకు వస్తయి."

కౌంటర్ మీద, పైసలు పడ్డప్పుడల్లా ఎంత పడ్డాయో అరిచే చిన్న డబ్బా ఒకటుంది. సేటు దాని వైపు చూశాడు.

"అది అరిచేది ఇన్నాళ్లు పట్టించుకోలే, ఇప్పుడు చెవి పెట్టి వింటున్నం సేటు. మీల్స్ నూట ముప్పై. అది నూట యాభై అంటది. గా ఇరవై తిన్నోళ్లు మాకని ఇచ్చింది."

సోమనర్సయ్య దొంగ కాదు. నిజంగానే ఆయన అవి కస్టమర్లు చిల్లర లెక్క ఎందుకని వేసిన రౌండు ఫిగర్లు అనుకున్నాడు. అనుకోవడం ఆయనకు లాభంగా ఉంది కాబట్టి రెండోసారి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించక తప్పలేదు. ముఖం ఎర్రబడింది.

"జాతర నెత్తి మీద పెట్టుకొని బెదిరిస్తున్నరా?"

"జాతరల ఏ ఒక్కలం ఎటు పోం. మీరు పెంచినా ఉంటం, పెంచకున్నా ఉంటం. జాతర ఎల్లినంక మాత్రం నేనుండ. నాకు సాల్తలేదు" అంది కళావతి.

అప్పుడు ఈదమ్మ తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. సేటుతో ఆమె ఎప్పుడూ రెండు మాటలకు మించి మాట్లాడింది లేదు.

"సేటూ, నీ కొడుకు పెండ్లికి మేమందరం కూలి తీసుకోకుండ వడ్డించినం. నువ్వే అంటివి, మీరు పనోళ్లు కాదు, ఇంటోళ్లని. మల్ల ఇంటోళ్లు అడిగితే బెదిరిచ్చుడు అంటున్నవ్."

సోమనర్సయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. డబ్బా ఎవరిదో పార్సిల్ పైసలు అరిచింది. ఈసారి ఆయన ఆ అంకె శ్రద్ధగా విన్నాడు.

"కూసోండ్రి" అన్నాడు చివరికి. "ఎవలన్న చాయ పెట్టుండ్రి. కాదు, మీరుండుండ్రి. నేనే పెడ్త."

సేటు పెట్టిన చాయలో చక్కెర ఎక్కువైంది. ఒక్కరూ వంక పెట్టలేదు.

జీతాలు పెరిగాయి. ఈదమ్మ పేరు మీద కొత్త స్కానర్ ఒకటి, దానికో కొత్త డబ్బా వచ్చాయి. చేతులు కడుక్కునే చోట పెట్టి, పైన 'వడ్డించినవారికి' అని సేటే రాయించాడు. వచ్చింది అందరూ సమానంగా పంచుకోవాలని మాట. జాతర రోజుల్లో తల్లుల దర్శనానికి పోయే జనం, వచ్చే జనం హోటల్ నింపేశారు. కొత్త డబ్బా అరిచిన ప్రతిసారీ ఈదమ్మ ఎంత పనిలో ఉన్నా ఆ వైపు తిరిగి దండం పెట్టేది. పెట్టిన చేతుల నిండా సబ్బు నురగ.

ఇన్ని రోజులూ ప్రేమ్ రాలేదు. జాతర డ్యూటీలని తెలుసు, అయినా తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె చూపు అటే పోయేది. జనం తిరుగుముఖం పట్టిన రోజు వచ్చాడు. మెడలో పసుపు కండువా, చేతిలో బెల్లం ప్రసాదం. చేతులు కడుక్కుంటూ కొత్త డబ్బా చూశాడు, దాని మీది అక్షరాలు రెండుసార్లు చదువుకున్నాడు.

"పెరిగిందా?" అన్నాడు.

"పెరిగింది. నాయినకు ఫోన్ చేసి చెప్పిన. ఉండుమన్నడు." ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "నీకో మాట చెప్పాలె. నువ్వొచ్చి నా దిక్కు నుంచి సేటును అడగొచ్చు. అడగలే. ఊకున్నవ్. గదానికి థాంక్స్."

"ఊకునుడు అల్కగేం లేకుండె."

"తెల్సు." ఆమె బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. నీళ్లు పోసింది, సరిగ్గా గ్లాసు వరకే. తర్వాత తండా భాషలో, వంటింట్లోకి వినపడకుండా అడిగింది. "మీ ఇంటిపేరేంది?"

తండాలో ఆడపిల్ల ఊరికే అడిగే ప్రశ్న కాదది. ఇంటిపేరు తెలిస్తేనే గోత్రం తెలుస్తుంది, గోత్రం కలవకపోతేనే వరస కుదురుతుంది. ప్రేమ్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"భూక్య."

"మాది గుగులోతు" అంది కళావతి, ఎంతో మామూలుగా. "వరసైతది."

కిటికీ అవతల ఇంకో గిన్నె జారి పడింది.

ఎండలు ముదరకముందే ప్రేమ్ తల్లిదండ్రులతో గూడూరు దగ్గరి తండాకు వచ్చాడు. ఈదమ్మ సెలవు పెట్టి మరీ వచ్చి పెద్దమనిషిలా మంచం మీద కూర్చుంది. చాయ్ కప్పుల పళ్లెం పట్టుకుని కళావతి గడప దాటబోతుంటే ప్రేమ్ లేచి దాన్ని అందుకున్నాడు.

"రోజు నువ్వే వడ్డిస్తున్నవ్. ఇయ్యాల కూసో."

ముసలివాళ్ల నుంచి మొదలుపెట్టి అందరికీ ఇచ్చాడు. ఒక కప్పు సాసర్‌లోకి కాస్త ఒలికింది. మోతీలాల్ ఆ సాసర్‌లో చాయే ముందు తాగి, కాబోయే అల్లుణ్ని పైనుంచి కిందికి చూశాడు.

"వడ్డించుడు ఏడ నేర్చినవ్?"

"మీ బిడ్డను చూసి మామా."

కళావతి లోపలికి వెళ్లి చిన్న గిన్నెలో సోంపు తెచ్చి అతని ముందు పెట్టింది. గిన్నె కింద మడతలు లేని ఇరవై రూపాయల నోటు. అతను మొదటిసారి పెట్టిందే. ఇన్నాళ్లూ ఖర్చు చేయకుండా దాచింది.

ప్రేమ్ ఆ నోటును గుర్తుపట్టాడు. గొంతు సవరించుకుని, "ఇది టిప్పు. మరి జీతం?" అన్నాడు.

సమాధానం మోతీలాల్ చెప్పాడు. "టిప్పు బిడ్డ ఇచ్చింది. బిడ్డను మేమిస్తున్నం. ఇగ జీతం సంగతి దాన్నే అడుగు కొడుకా. న్యాయంగ అడుగుడు తెల్సినదానికి న్యాయంగ ఇచ్చుడు కూడ తెలుస్తది."

అందరూ నవ్వారు. ప్రేమ్ మాత్రం నవ్వకుండా వంగి మామ కాళ్లకు, తర్వాత ఈదమ్మ కాళ్లకు మొక్కాడు. లేచి, సోంపు గిన్నెను కళావతి వైపు జరిపాడు. ఇద్దరూ చెరో చిటికెడు తీసుకున్నారు.