ప్లగ్గు మీద మసి

"అమ్మమ్మా, మావకి ఫోర్ స్ట్రోక్ వచ్చేసినాది," అని త్రినాథ్ వీధిలోంచే కేకేశాడు.

చేపలు ఎండబెడుతున్న కూర్మమ్మ గంప వదిలేసి గొల్లుమంది. "నా కొడుక్కి నాలుగుసార్లు పచ్చవాతమేటిరా నాయినా. ఒక్కసారికే మంచాన పడతారు కదరా."

అంతలో ఆటోలోంచి దాలయ్య నిక్షేపంగా దిగాడు. ఆయన వెనకే, ఆమదాలవలస స్టేషన్లో అందుకున్న కొత్త ఫోర్ స్ట్రోక్ బోటు ఇంజను దిగింది. దాలయ్య కూతురు యమున నవ్వి నవ్వి ఇసకలో కూలబడింది.

"స్ట్రోకు అయ్యకి కాదు నానమ్మా, బావకి. నన్ను సూసినప్పుడల్లా వస్తాది."

నిజమే. త్రినాథ్ పేరుకి ఇంజన్ల మెకానిక్కు. మేనమామ కూతురి తీరు చూస్తే తీరం కూడా గుర్తుండేది కాదు. వైశాఖంలో పెళ్లనుకున్నారు.

సాయంత్రం ఒడ్డున ఇంజను బిగించి, చుట్టూ చేరిన మగవాళ్లకి పాఠం చెప్పాడు. పాత టూ స్ట్రోక్‌కి కలిపినట్టు దీని పెట్రోల్లో ఆయిల్ కలపకూడదు. దీని ఆయిల్ దీనికి లోపల వేరే ఉంటుంది. దాలయ్య తలూపాడు. ఎవరేం చెప్పినా తలూపడం ఆయనకి అలవాటు.

టీ గ్లాసులతో యమున వచ్చింది. "నాకేటి సెప్పవా బావా?"

"నీకు వేరే పాఠం ఉన్నాది."

ఆ పాఠంలో ఇంజను ఊసే లేదు.

నెల తిరక్కుండానే, ఈదురుగాలి లేచిన రోజున, నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. పక్క బోటువాళ్లు అందుకునేలోగా అల తిరగేసింది. బోటు దొరికింది. దాలయ్య మూడోరోజు ఒడ్డుకొచ్చాడు, ప్రాణం లేకుండా.

కొత్త ఇంజను అంటగట్టి మేనమామని మింగేశాడంది ఊరు.

త్రినాథ్ ఇంజను విప్పాడు. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు నూనె మసితో పూడుకుపోయి ఉన్నాయి. ఇంటి దగ్గర మిగిలిన పెట్రోలు డబ్బా మూత తీశాడు. ఆయిల్ కలిసిన వాసన. ఆ డబ్బాతో రోజూ ట్యాంకు నింపేది యమునే, పదేళ్లుగా. అతను ఒక ప్లగ్గు జేబులో వేసుకున్నాడు.

దినాలయ్యాక పెద్దలు పిలిచి అడిగితే, "బిగించడంలో తప్పు నాదే," అన్నాడు.

"అలాగైతే ఈ సంబంధం మాట మరి లేదు," అన్నాడు ఊరిపెద్ద తిరుమలరావు.

యమున చూపు త్రినాథ్ చొక్కా మీదే ఉంది. జేబు కింద నల్లటి మరక. ఆ మరకలు ఆమె చేతులకి కొత్తవి కావు.

"జేబులో ఏటుంది బావా?"

ఆమే చెయ్యిపెట్టి తీసింది.

"ఆయిల్ కలపకూడదా దీనికి?"

అతను ప్లగ్గు వెనక్కి లాక్కోబోయాడు.

"కలిపింది నేనే," అంది పెద్దలవైపు తిరిగి. "అయ్యకి కొత్త ఇంజనని రోజూ ఓ మూతెడు ఎక్కువే పోసినాను."

"యమునకి నేను సెప్పలేదు," అన్నాడు త్రినాథ్. "ట్యాంకు నింపేది తనేనని తెలిసీ మగోళ్లకి సెప్పి ఊరుకున్నాను. అడిగినాది కూడాను. ఎకసెక్కాలాడినాను."

కూర్మమ్మ మనవరాలి చేతిలోంచి ప్లగ్గు తీసుకుని, చీరకొంగుతో మసి తుడిచింది. పోలేదు.

"నా కొడుకూ తలూపీసి, ఇంట్లో సెప్పలేదు. ఆడి వంతు ఆడు మోసుకుపోయినాడు. మిగిలింది మీరు సగం సగం మొయ్యండి. వేరేవేరే ఇళ్లల్లో ఉంటే మొయ్యలేరు."