అటువైపు నువ్వు పట్టుకో

ఉంచుకున్నావిడ, ఇక ఉంచుకోలేనని, ఆయన్ని తెచ్చి పెళ్ళాం గుమ్మంలో దించింది!

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఇల్లాలు బయటికి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. గోడ వారన ఆమె, మెట్టు పక్కన కుర్చీ, కుర్చీలో ఆయన... ఎడమచెయ్యి ఒళ్ళో పరాయివాళ్ళ వస్తువులా పడి ఉంది. పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. పడిపోయింది చిన్నింట్లో గనుక అక్కడే ఉండిపోయాడు. ఈవిడ చూడ్డానికి వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళుతుంది?

ఆయన ఓడలో వంటవాడు. వంటలో కన్నా మాటల్లోనే మసాలా ఎక్కువ. రెండో కాపురం బయటపడ్డప్పుడు తప్పు ఒప్పుకోలేదు సరికదా, తిరిగిన రేవులన్నిటినీ సాక్ష్యానికి పిలిచాడు. ఒక రేవులో రెండో ఆవిడకు పెద్దావిడే పీట వేస్తుందట. ఇంకో దేశంలో ఆవిడ పిల్లలకూ ఆస్తిలో వాటా ఉందట. మరోచోట మాత్రం ఊరంతా వెలివేస్తారట, అదొక్కటే అనాగరిక దేశమట! ఆడది ఇద్దర్ని చేసుకుంటే పీట వేసే రేవు ఏదైనా తగిలిందా అని అడిగింది ఈవిడ. తమ ఓడ అటు వెళ్ళలేదన్నాడు. ఆనాటినుంచి ఆయనకు పరస్త్రీ, ఈవిడకు ఇస్త్రీ... ఊరందరి బట్టల ముడతలూ తీసింది, తన నుదుటి మీదవి మాత్రం మిగిలిపోయాయి.

తలుపు వేసేద్దామనే అనుకుంది. కానీ ఆయన చొక్కా చెమటకు తడిసి ఉంది. అది మార్చకుండా తలుపు వేయడానికి చేతులు రాలేదు. చొక్కా విప్పి, వీపు చూసి ఆగిపోయింది. ఏడాదిగా మంచాన ఉన్న మనిషి వీపు మీద ఒక్క పుండు లేదు... గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. చెవుల వెనక కూడా శుభ్రంగా ఉంది.

అప్పుడు తలెత్తి ఆ రెండో ఆవిడను మొదటిసారి సరిగా చూసింది. ఇన్నేళ్ళూ ఏ వగలాడినో ఊహించుకుని తిట్టుకుంది. ఎదురుగా ఉన్నది తన వయసుదే, నడుముకు గుడ్డ బిగించి గోడ పట్టుకుని నిలబడ్డ ఒక అలసట.

తన నడుము పడిపోయిందనీ, నిన్న ఎత్తబోయి ఇద్దరూ కింద పడ్డారనీ, కేక వేస్తే ఆ వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదనీ చెప్పిందామె. ఏమీ అడగలేదు. వెళ్ళబోతూ ఆగింది.

"పోయినప్పుడు కబురు పంపండక్కా. లోపలికి రాను. వీధి చివర నిలబడి చూసి వెళ్ళిపోతాను."

అక్కా... ఆ పిలుపు వినాల్సి వస్తుందనే ఇన్నేళ్ళూ ఆమె వీధి తప్పించుకు తిరిగింది ఇల్లాలు.

"నువ్వు వీధి చివర నిలబడితే ఈయన్ని మోసేదెవరు? నా నడుమేమైనా ఇనుమా? అటువైపు నువ్వు పట్టుకో."

చెరోవైపూ పట్టి లేపారు. గడప దాటుతుండగా ఆయన వంకరపోయిన నోటితో ముద్దముద్దగా మొదలుపెట్టాడు.

"ఒక... రేవులో..."

"నోరు ముయ్యండి" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆయన్ని పడుకోబెట్టి మంచినీళ్ళు తెచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఇల్లాలు లేపలేదు. గ్లాసు మీద మూత పెట్టి, ఎవరి ఇంటిదో, అప్పుడే ఇస్త్రీ చేసి మడతపెట్టిన దుప్పటి తీసి ఆమెకు కప్పింది. ముడతలు పడితే పడ్డాయి... మళ్ళీ చేసుకోవచ్చు.